దోస్తుతోని కూసోని ఊరికే వాయించుడు, మీకెట్ల కుదురుతది?

కాజీపేట క్వార్టర్స్:
22 ఏండ్లకు చిన్ననాటి దోస్తు ఊరికొచ్చిండు. నా హార్మోనియం, వాని ఢోలక్, డాబా మీద కూసున్నం. ఏ పాటా అనుకోలె, మోహన రాగం పట్టుకున్న. పావుగంట మస్తు నడిచింది, తర్వాత చెయ్యి దానంతటదే సినిమా పాటలకు పోతుంది. మీరెట్ల ఆపుకుంటరు? ఇంకోటి, ఫోన్ల రికార్డు పెడితే వాడు బిగుసుకపోతుండు, పెట్టాల్నా వద్దా?

నల్లమెట్లు:
తమ్మీ తెల్ల మెట్లు ముట్టకు. నాలుగున్నర అనే నల్ల మెట్టు మీద సా పెట్టుకో, ఐదు నల్ల మెట్లతోనే మోహనం వస్తది. విసుగొస్తే రెండున్నర మెట్టును సా అనుకో, అవే మెట్లు శుద్ధధన్యాసి రాగం అయితయి, ఆరున్నర అనుకుంటే హిందోళం. పాటల పడవు.

పరకాల డోలు:
సా అనుకుంటే అయిపోతదా అన్నా? కింద ఆగకుండ మోగే శ్రుతి పాతదే ఉంటే చెవికి మోహనమే ఇనపడుతది. మరి ఢోలక్ సంగతేంది? నాలుగున్నరకు ఎక్కియ్యాలంటే తోలు ఉంటదా పోతదా, మీ హార్మోనియం పెట్టెగాళ్లు అదొక్కటి ఆలోచించరు.

నల్లమెట్లు:
పదిహేనేండ్లు భజనల వాయించిన, నాకు శ్రుతి నేర్పకు. చానా పెట్టెలల్ల శ్రుతి స్టాపర్లు, అంటే గుంజితే శ్రుతి మోగే పిడులు, నల్ల మెట్లకే ఉంటయి, సా మారితే ఆ స్టాపర్ గుంజాలె, గంతే.

వీణ నేర్చుకున్న అక్క:
ఏ మెట్టు నొక్కినా హార్మోనియంల గమకం, అంటే స్వరాన్ని ఊపుడు, రాదు. ఆలిండియా రేడియో 1940 సంవత్సరంల దాన్ని ఊకెనే ఆపిందా? 1971 దాంక రానియ్యలె.

పరకాల డోలు:
అక్కా రేడియో ఆపితే మా ఊరి భజన ఆగిందా? మా తాత ఆ పెట్టె మీదనే రాత్రంత పాడిండు. గమకం గొంతుల ఉండె ఆయనకు. పెట్టెను తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపమొస్తది.

వీణ నేర్చుకున్న అక్క:
మీ తాతను నేనేమన్లే. రాగం సంగతి చెప్పిన.

సిర్ర దరువు:
రాగాలు ఇడిసిపెట్టుండ్రి. నేను, మా దోస్తు పీర్ల పండుగకు డప్పు కొడుతం, ముసురు పడితే తోలు మెత్తగైతది, మంట దగ్గర కాపుకుంట కూసున్నప్పుడే సగం దరువులు పుడుతయి. నేను సిర్ర, డప్పు కొట్టే పుల్ల, ఎత్తిన తీరు చూసే వాడు దరువు మారుస్తడు, నోటితోని ఒక్క మాటుండదు. అన్నా, మీరు ఇద్దరు మొఖాలు చూసుకుంటున్నరా, పెట్టె దిక్కే చూస్తున్నరా?

జనగామ చెల్లె:
మా బతుకమ్మ కాడ నేను ఒక లైన్ కడుత, అందరు ‘ఉయ్యాలో’ అనేలోపల నా దోస్తు తర్వాతిది అల్లుతది. ఆ ‘ఉయ్యాలో’ లేకపోతే మాకు తోచనే తోచది, ఊపిరి దొరికేది ఆడనే. అన్నా, మీరు గూడ ఒక చిన్న ముక్క అనుకోండ్రి, ఎటు పోయినా ఇద్దరు దానికే తిరిగి రావాలె. సినిమా పాట వస్తే రానియ్యుండ్రి, ముక్క దగ్గరికొచ్చినంక అదే ఇడిసిపోతది.

కాజీపేట క్వార్టర్స్:
చెల్లె చెప్పినట్టు గ ప ద ప అని చిన్న ముక్క పెట్టుకున్నం, నిన్న రాత్రి గంటంపావు ఆగలే. ఫోను లోపల్నే పెట్టొచ్చిన. పరకాల అన్న చెప్పిందే నిజమైంది, నాలుగున్నర కోసం బోల్టులు బిగిస్తుంటే చిన్న మొఖం తోలు పలిగింది. వాడు గురువారం రైలెక్కుతుండు. హన్మకొండల రెండు దినాలల్ల ఢోలక్ తోలు ఏసిచ్చేటోళ్లు ఏడున్నరో ఎవరికన్న తెలిస్తే జెర చెప్పుండ్రి.