ఎవ్రీవన్ తర్వాత హిజ్ రాయాలా, దెయిర్ రాయాలా?

బ్యాంకు_ప్రిపరేషన్: నిన్నటి మాక్ టెస్టులో తప్పు కనుక్కోమని ఇచ్చిన వాక్యం ఇది: "ఎవ్రీవన్ మస్ట్ బ్రింగ్ దెయిర్ ఓన్ పెన్." తప్పు లేదని పెట్టాను, మార్కు పోయింది. దెయిర్ కాదు, హిజ్ ఉండాలట. ఎవ్రీవన్ అంటే అందరూ కదండీ?

పాత_మాస్టారు: అర్థానికి అందరూ, వ్యాకరణానికి ఒక్కరే బాబూ. "ఎవ్రీవన్ ఈజ్" అంటాం గానీ "ఆర్" అనం కదా. క్రియ ఏకవచనమైతే సర్వనామమూ ఏకవచనమే అన్నది పాత లెక్క. ఈచ్, ఎనీవన్, నోబడీ అన్నీ ఆ బాపతే. నేను పిల్లలకి హిజ్ అనే చెప్పాను.

డల్లాస్_డైరీ: మాస్టారూ, ఇక్కడ నేను పేజీ నిండా "హిజ్ ఆర్ హర్" అని రాస్తే మా గైడ్ అన్నీ కొట్టేసి దెయిర్ చేశారు. ఏపీఏ అని, పరిశోధన పత్రాలు ఎలా రాయాలో చెప్పే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పుస్తకం ఉంది, 2019లో వచ్చిన దాని ఏడో ఎడిషన్ అలాగే వాడమంటోంది. ఒక్కరికి దే వాడటం కొత్తేమీ కాదు, 14వ శతాబ్దం నుంచీ ఉంది.

బ్యాంకు_ప్రిపరేషన్: మరి పరీక్షలో ఏం పెట్టాలక్కా?

డల్లాస్_డైరీ: ముందు మిగతా ముక్కల్లో ఖాయంగా తప్పు ఉందేమో చూడు. ఏమీ లేకపోతే అప్పుడు దెయిర్ మీద అనుమానపడు. పాత ఆన్సర్ కీలు ఇంకా హిజ్ దగ్గరే ఉన్నాయి.

గోదారి_గట్టు: తెలుగులో మనమూ "ప్రతి ఒక్కరూ తమ పెన్ను తెచ్చుకోవాలి" అనే అంటాం కదా! నా బాధ వేరు. ఇంటర్వ్యూలో "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, దే గ్రో ప్యాడీ" అన్నాను. దే అంటే ఎవరెవరు అని అడిగారు. నాన్నగారిని హీ అనడానికి నోరు రాలేదు, 'వాడు' అన్నట్టు అనిపించింది.

కోర్టు_కాగితాలు: మన చట్టాల్లో హీ అంటే ఆడవాళ్లూ వస్తారు, 1897 జనరల్ క్లాజెస్ యాక్ట్ 13వ సెక్షన్. దానితో నాకు పేచీ లేదు. "రవి టోల్డ్ కిరణ్ దట్ హిజ్ లోన్ వజ్ రిజెక్టెడ్" అని రాస్తారు చూడండి, ఆ లోన్ ఎవరిది? తెలుగులో 'తన లోన్' అంటే రవిదని తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ సుఖం లేదు, పేరు మళ్లీ రాయాల్సిందే.

పాత_మాస్టారు: నైదర్, నార్ వస్తే దగ్గరున్న పేరు చూసుకో బాబూ. "నైదర్ ది మేనేజర్ నార్ ది క్లర్క్స్" అన్నాక దెయిర్.

బ్యాంకు_ప్రిపరేషన్: ఇప్పుడే ఇంకో సెట్ రాశాను. "ఈచ్ ఆఫ్ ది గర్ల్స్ హాజ్ డన్ దెయిర్ వర్క్." హర్ పెట్టాను, మార్కొచ్చింది. గర్ల్స్ అని ఉండబట్టి బతికిపోయా.