‘యాంజియోప్లాస్టీ విజయవంతం’ అంటే ఏది విజయవంతమైనట్టు?

అనువాదకుడు: ‘92 ఏళ్ల రోగికి యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన గుండె ధమనిని లోపలి నుంచి తెరిచే చికిత్స) విజయవంతమైంది, ఫలితం మాత్రం బాగోలేదు.’ ఈ వాక్యం పొంతన లేనట్టుంది. ఎలా దిద్దాలి?

హృద్రోగ వైద్యురాలు: పొంతన ఉందండీ. మొదటి మాట రక్తనాళం గురించి, రెండోది మనిషి గురించి. ఈ చికిత్స చేసే గదిలో, అంటే కేథ్ ల్యాబ్‌లో, విజయం అంటే ఎక్స్‌రేలో నాళం కనబడేలా ఎక్కించే డై ధమని చివరిదాకా మామూలు వేగంతో పారడం. ఆ పారుదలకు వేసే అంకెను టిమి గ్రేడు అంటారు, 0 నుంచి 3 వరకు. 3 వస్తే దారి తెరుచుకున్నట్టు. ఫలితం అంటే 30 రోజులకు, ఏడాదికి ఆ మనిషి బతికి ఉన్నారా, లేచి తిరుగుతున్నారా అన్నది.

ముదిమిలో ఈ రెంటికీ ఎడం ఎక్కువ. చాలామందికి ఛాతీ నొప్పే రాదు. ఆయాసం, స్పృహ తప్పడం, మతి తడబడటం కనిపిస్తాయి. దాంతో ఈసీజీ ఆలస్యమవుతుంది, నాళం తెరిచేలోపే గుండె కండరం చాలావరకు చచ్చిపోతుంది. ధమనుల్లో కాల్షియం పేరుకుని స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) సరిగ్గా విచ్చుకోదు. డై వల్ల కిడ్నీలు దెబ్బతినొచ్చు. కండ తగ్గినవారిలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) మామూలుగా కనిపించి మోసం చేస్తుంది కాబట్టి అదొక్కటే నమ్మకుండా ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) కూడా చూడాలి. తొడ దగ్గర కన్నా మణికట్టు నుంచి గొట్టం పంపితే రక్తస్రావం తక్కువ.

కాపీ ఎడిటర్: అయితే ‘ధమని పూర్తిగా తెరుచుకుంది, కానీ రోగి 30 రోజుల్లోపే మరణించారు’ అని రాయొచ్చు, మూలంలో ఆ గడువు ఉంటేనే సుమా. ‘ఆపరేషన్ సక్సెస్’ మాత్రం వద్దు, ఇందులో ఛాతీ కోసేది లేదు.

అనువాదకుడు: ‘ఫ్రెయిల్టీ’ అనే ఇంగ్లీషు మాటకు ‘వయోభారం’ సరిపోతుందా?

హృద్రోగ వైద్యురాలు: సరిపోదు. అది నేరాన్ని ఏళ్ల మీదికి నెడుతుంది. దాన్ని కొలిచే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేలు 1 నుంచి 9 వరకు ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ మనిషి అంత బలహీనం. జబ్బు పడ్డ రోజు కాదు, అంతకు రెండు వారాల ముందు మనిషి ఎలా ఉన్నారో అడిగి వేస్తారు. తొంభై ఏళ్లవారికి 3, డెబ్బై ఏళ్లవారికి 7 ఉండొచ్చు. ‘జవసత్త్వాలు ఉడగడం’ భావానికి దగ్గర, పట్టికలోకైతే ‘దుర్బలత’ చాలు.

ఇంకో చిక్కు ‘గుండెపోటు’. ఈసీజీ గీతలో ఎస్టీ అనే భాగం పైకి లేచిన రకం, లేవని రకం రెండూ తెలుగులో అదే మాట. మొదటిదానికి అత్యవసరంగా నాళం తెరవడానికి వయోపరిమితి లేదు. రెండోదాని మీద 2024లో వచ్చిన సీనియర్-రీటా అధ్యయనంలో 75 ఏళ్లు, ఆపై వయసున్న 1,518 మంది ఉన్నారు. మందులకు తోడు యాంజియోగ్రామ్ (డై ఎక్కించి ధమనులను చూసే పరీక్ష) చేసి అవసరమైతే స్టెంట్ వేసినా, మందులే వాడినవారితో పోలిస్తే గుండె జబ్బు మరణాలు, గుండెపోట్లు కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రాణం తీయని గుండెపోట్లు మాత్రం తగ్గాయి. రెంటినీ ఒకే మాటలో కలిపేస్తే పాఠకుడు ‘ముసలివాళ్లకు స్టెంట్ దండగ’ అనుకుంటాడు. అది తప్పు, ప్రమాదం కూడా.

కాపీ ఎడిటర్: ‘రక్తం పలచబడే మందు’ సంగతో?

హృద్రోగ వైద్యురాలు: ఆస్పిరిన్‌ని జనం అలాగే అంటారు, అననివ్వండి. టెనెక్టెప్లేస్‌కు మాత్రం ‘గడ్డ కరిగించే ఇంజెక్షన్’ అనే రాయండి. ఈసీజీలో తేలాక 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ కుదరదనుకుంటే, అడ్డంకులేవీ లేకపోతే అది ఇస్తారు. మెదడులో రక్తస్రావం భయంతో 75 దాటినవారికి సగం మోతాదు. రెండు మందులకూ ఒకే పేరు పెడితే ఆ ‘సగం’ చదివి ఎవరైనా రోజూ వేసుకునే ఆస్పిరిన్‌ను విరిచేస్తారు.