డిజిటల్ పుస్తకానికి పేజీ కొలత ఎంత పెట్టాలి? ఉదయం నుంచీ తంటాలు పడుతున్నాను

నల్లసిరా: మా తాతగారి రచనను టైపు చేసి పీడీఎఫ్‌గా బంధువులందరికీ పంపాలని సంకల్పించాను. ఏ4లో చేస్తే అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఏ5కు మారిస్తే పంక్తులు ఎక్కడపడితే అక్కడ విరిగి, పుటసంఖ్యలు తారుమారై, విషయసూచికను మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చింది. తొమ్మిది గంటలకు కూర్చున్నవాడిని ఇంకా లేవలేదు. దయచేసి సరైన కొలత ఏదో ఒక్క మాటలో చెప్పండి.

పాతప్రెస్సు: డెమ్మీ 1/8. చేతిలో ఇమిడే ఆ కొలతను వదిలి, అర్జీలు రాసుకునే ఏ4 మీద పుస్తకం కూర్చాలన్న ఆలోచన ఎందుకు వస్తుందో నాకు అర్థం కాదు. బైండింగు కోసం లోపలి అంచున అదనంగా అర అంగుళం వదలండి. ప్రతి అధ్యాయమూ కుడిచేతి పుటలోనే మొదలవ్వాలి.

అరచేతిగ్రంథం: ఏ సాఫ్టువేరు? ఏ ఫాంటు? దేనిమీద చదువుతారు? అచ్చు వేస్తారా? ఇవి తెలియకుండా జవాబు లేదు.

తెరచాప: తెరకు బైండింగు ఏమిటండీ? ఎడమ పుటకొక అంచు, కుడి పుటకొక అంచు పెడితే ఫోనులో పేజీ తిప్పినప్పుడల్లా పాఠం అటూ ఇటూ ఊగుతుంది. అధ్యాయాల మధ్య ఖాళీ పుటలు చూసినవారు ఫైలు పాడైందనుకుంటారు. ఏ5 చాలు, దాన్నే మనవాళ్లు డెమ్మీ అంటారు.

పాతప్రెస్సు: అనరు. ఏ5 అంటే 148×210 మిల్లీమీటర్లు, డెమ్మీ 1/8 అంటే 5.5×8.5 అంగుళాలు, అంటే సుమారు 140×216 మిల్లీమీటర్లు. రెంటినీ ఒకటిగా చూసి కవరు చేయించి, తరువాత లబోదిబోమన్నవారు నాకు తెలుసు.

తెరచాప: ఇక్కడ కవరు చేయించేదెవరు? వాడుకలో రెండూ ఒకటే.

పాతప్రెస్సు: వాడుక వేరు, కొలత వేరు.

నల్లసిరా: క్షమించాలి, ఇవన్నీ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదనుకున్నాను. అది శతకం, చాలావరకు ఉత్పలమాలలు, చంపకమాలలు. పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే ఫాంటుతో కూర్చాను. అచ్చు వేయను. మా అక్కయ్య అమెరికాలో ఆరంగుళాల ఈ-బుక్ రీడరులో చదువుతుంది, మిగతావారు ఫోన్లలో చదువుతారు.

అరచేతిగ్రంథం: శతకమన్న మాట మొదటే చెప్పి ఉంటే ఈ డెమ్మీ రామాయణం తప్పేది. ఆరంగుళాల తెర సుమారు 90 మిల్లీమీటర్ల వెడల్పు, 120 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఏ4 పుటను అందులో ఇమిడ్చితే 12 పాయింట్ల అక్షరం 5 పాయింట్లకు, ఏ5ను ఇమిడ్చితే సుమారు 7 పాయింట్లకు కుంచించుకుపోతుంది. మన ఒత్తులు ఆ పరిమాణంలో చదవడానికి వీలుపడదు. కనుక పేజీనే 90×120 మిల్లీమీటర్లుగా పెట్టి, అంచులు నాలుగైదు మిల్లీమీటర్లకు మించనీయకుండా, కింది ఒత్తులు పై గుడులకు తగలనంత పంక్తి ఎడం ఇచ్చి, పుటకొక పద్యం చొప్పున కూర్చండి. విషయసూచికలో పుటసంఖ్యలకు బదులు పద్యసంఖ్యలు వేస్తే కొలత ఎన్నిసార్లు మార్చినా అది చెడదు.

తెరచాప: పీడీఎఫ్‌కు బదులు ఈపబ్ అనే ఈ-పుస్తకాల ఫైలుగా చేస్తే అసలు పేజీ కొలతతో పనే లేదు, అక్షరాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. అయితే అను ఫాంటు పాఠాన్ని ముందు యూనికోడుకు మార్చాలి, లేకపోతే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. మార్చాక అరసున్నలను, ఒత్తులను ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

అరచేతిగ్రంథం: సర్దుకునే పాఠంలో ఇరవై అక్షరాల పాదం ఏ ఫోనులో ఎక్కడ విరుగుతుందో ఎవరు చెప్పగలరు? పీడీఎఫ్‌లోనైతే మనమే ఉత్పలమాలను పదో అక్షరం ముందు, చంపకమాలను పదకొండో అక్షరం ముందు, అంటే యతిస్థానంలో మడవవచ్చు.

పాతప్రెస్సు: యతిస్థానంలో మడిస్తే సగం చోట్ల మాట నడుమ విరుగుతుంది. పాదం మొదలును ఎడమ అంచుకు ఆనించి, మిగిలిన ముక్కను మాట విరగని చోట రెండో పంక్తికి దించి, కొంచెం లోపలికి జరపండి.

తెరచాప: ఆ అమరిక ఈపబ్‌లోనూ సాధ్యమే. మొదటి పంక్తి తప్ప మిగిలినవి లోపలికి జరిగేలా పాదానికి ఒక స్టైలు పెట్టుకుంటే, ఎక్కడ విరిగినా పాదమేదో కంటికి తెలుస్తుంది.

అరచేతిగ్రంథం: పాత రీడర్లు ఆ స్టైలును పాటిస్తాయన్న హామీ ఏమిటి?

నల్లసిరా: 90×120లో పది పద్యాలు చేసి అక్కయ్యకు పంపాను, కళ్లజోడు లేకుండా చదివానంది. అందరికీ ధన్యవాదాలు. పొడుగు పాదాల సీసపద్యాలు ఆరున్నాయి, వాటి సంగతి ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరా?