చెవి రక్తపు స్మియర్‌లో ఏమీ లేదు, జ్వరం మాత్రం తగ్గడం లేదు

ప్రశ్న (పాడి రైతు, కృష్ణా జిల్లా)
రెండో ఈతలో ఉన్న మా సంకర జాతి జెర్సీ ఆవుకు ఈ వారం మొదటి నుంచి 105 డిగ్రీల జ్వరం ఉంది. మేత మానేసింది, పాలు సగానికి పడిపోయాయి. పొదుగు చుట్టూ, తొడల సందున పిడుదులు ఎన్ని తీసినా మళ్లీ కనిపిస్తున్నాయి. చెవి నుంచి తీసిన రక్తపు స్మియర్‌లో (గాజు పలక మీద పలుచగా పరచిన రక్తం) పరాన్నజీవులు లేవన్నారు, మూత్రం రంగూ మారలేదు. కాబట్టి ఇది పిడుదుల వల్ల వచ్చిన జబ్బు కాదని అనుకోవచ్చా?

జవాబు (పశువైద్యుడు)
అనుకోకూడదండీ. బబీసియా, థైలేరియా రెండూ పిడుదుల ద్వారా వచ్చే రక్త పరాన్నజీవి జబ్బులే. మూత్రం కాఫీ రంగులోకి మారడం ప్రధానంగా బబీసియా లక్షణం; థైలేరియాలో అది సాధారణంగా కనిపించదు. థైలేరియా పరాన్నజీవి మొదట తెల్ల రక్తకణాల్లో పెరిగి ఆ తరువాతే ఎర్ర కణాల్లోకి చేరుతుంది కనుక, జ్వరం వచ్చిన తొలి రోజుల్లో చెవి రక్తంలో ఏమీ దొరకకపోవడం వింత కాదు. ఆ దశలో వాచిన లింఫు గ్రంథి నుంచి సూదితో తీసిన ద్రవాన్ని గాజు పలక మీద పరచి జీమ్సా రంగు వేసి చూస్తే, కణాల్లో కాక్స్ బ్లూ బాడీస్ అనే నీలి రూపాలు కనబడతాయి. పిడుదు కరిచిన చోటికి దగ్గరి గ్రంథి ముందుగా వాస్తుంది; అందువల్ల భుజం ముందరి గ్రంథితో సరిపెట్టకుండా, తొడ ముందున్న దాన్ని కూడా రెండు వైపులా తడిమి పోల్చి చూడండి.

జవాబు (ప్రయోగశాల ఉద్యోగి)
నమూనా ఎప్పుడు తీశారన్నది కూడా చెప్పండి. మందు పడిన తరువాత వచ్చే పలకల్లో పరాన్నజీవులు తగ్గిపోయి, ఫలితం నమ్మదగ్గదిగా ఉండదు. వడకట్టని రంగు వాడితే ఎర్ర కణం అంచున పడిన రేణువు అచ్చం అనాప్లాస్మా (పిడుదుల ద్వారా వచ్చే మరో సూక్ష్మజీవి) లా కనిపిస్తుంది, కొత్తవారు అక్కడే పొరబడతారు. ఇంకొక చిక్కు ఏమిటంటే, గతంలో కోలుకున్న ఆరోగ్యవంతమైన ఆవు రక్తంలోనూ కొద్దిపాటి థైలేరియా మిగిలి ఉండవచ్చు. కాబట్టి పీసీఆర్ (పరాన్నజీవి జన్యు పదార్థాన్ని వెతికే పరీక్ష) పాజిటివ్ అయినంత మాత్రాన ఇప్పటి జ్వరానికి అదే కారణమని తేలదు.

ప్రశ్న అడిగినవారు
నమూనా తీసే ముందే డైమినజీన్ ఇంజెక్షన్ వేశారు. కుడి తొడ ముందు గ్రంథి నిమ్మకాయంత ఉంది, ఎడమది చేతికే తగలడం లేదు.

జవాబు (పశువైద్యుడు)
డైమినజీన్ బబీసియాకు మందు, థైలేరియాకు దాని మీద ఆధారపడలేం. ఆ కుడి గ్రంథి నుంచే ద్రవం తీయమని మీ డాక్టరు గారికి చెప్పండి. థైలేరియా అని తేలితే బూపార్వాక్వోన్ కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున మెడ కండరంలో వేస్తారు. అది తొలి దశలోనే బాగా పనిచేస్తుంది కనుక, కనురెప్పల లోపలి పొర తెల్లబారేదాకా ఆగవద్దు.