హెడ్ ట్రాన్స్‌మిటర్ ఎండకు, వేడికి ఆగడం లేదు: నెక్ పెంచాలా, దూరంగా పెట్టాలా?

ఇన్‌స్ట్రుమెంటేషన్ పని తెలిసిన అన్నలు కొంచెం చెప్పండి. వాడపల్లి వైపు సిమెంట్ ప్లాంట్, ప్రీహీటర్ (ముడి పొడిని వేడి గ్యాస్‌తో కాచే టవర్) కింది సైక్లోన్, లోపల గ్యాస్ 850 డిగ్రీల పైనే. కె టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్), దాని వైర్లు కలిసే డబ్బా అంటే హెడ్‌లోనే ఆ సిగ్నల్‌ను మార్చి పంపే 4-20 మిల్లీఆంప్ ట్రాన్స్‌మిటర్, నెక్ (సైక్లోన్ గోడకూ హెడ్‌కూ మధ్య పైపు) 100 మిల్లీమీటర్లు. మే నెల మధ్యాహ్నం హెడ్ లోపల 95 డిగ్రీలు. డేటాషీట్‌లో పరిమితి 85. పొద్దెక్కేకొద్దీ రీడింగ్ జారుతుంది, రాత్రికి సర్దుకుంటుంది.

ఇన్సులేషన్ వాళ్లు ఉన్ని, రేకు హెడ్ దాకా చుట్టేశారు. నెక్ ఉన్నదే వేడి బయటికి పోవడానికి, దాన్నే మూసేస్తే ఇంకేం లాభం? నెక్ మీదిది విప్పిస్తే 88కి దిగింది. మిగతాది షెల్ (సైక్లోన్ బయటి గోడ) నుంచి కొట్టే సెగ.

నెక్ 300 చేయొచ్చు గానీ అక్కడ వణుకు ఎక్కువ, పైగా థర్మోవెల్ (సెన్సర్‌కు తొడిగే రక్షణ గొట్టం) బయటికి లాగడానికి ప్లాట్‌ఫాం మీద జాగా చాలదు. అందుకే హెడ్‌లో సిరామిక్ టెర్మినల్ బ్లాక్ మాత్రమే ఉంచి, ట్రాన్స్‌మిటర్‌ను 12 మీటర్ల అవతల నీడలో ఉన్న కాలమ్‌కు బిగిద్దామని ఆలోచన. స్టోర్‌లో ఉన్నది మామూలు రాగి కేబుల్. ట్రాన్స్‌మిటర్ తన దగ్గరి వేడినే లెక్కలో కలుపుకుంటుంది, అందుకే అది వేస్తే హెడ్ 95, ట్రాన్స్‌మిటర్ 45 దగ్గర ఉన్నప్పుడు దాదాపు 50 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. కాబట్టి కె టైప్ లోహాలతోనే చేసిన కెఎక్స్ కేబులే తెప్పించాలి, ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్.

అడిగేది ఇదీ: ఆ సెగకు పీవీసీ ఆగదు, మరి దుమ్ము, వానల్లో ఫైబర్‌గ్లాస్ తొడుగు నిలుస్తుందా, టెఫ్లాన్‌కే పోవాలా? పక్క ట్రేలో వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) మోటారు కేబుళ్లున్నాయి, మిల్లీవోల్ట్ సిగ్నల్‌కు ఎంత ఎడం ఇస్తున్నారు? షెల్‌కూ హెడ్‌కూ మధ్య 25 మిల్లీమీటర్ల గాలి సందుతో స్టీల్ రేకు అడ్డం పెట్టినవాళ్లకు ఎన్ని డిగ్రీలు తగ్గింది?