అప్‌డేట్: అమ్మానాన్నలతో అమ్రాబాద్ అడవికి వెళ్లి వచ్చాము

శుక్రవారం ఆఫీసు ముగిశాక హైదరాబాద్‌లో బయలుదేరి, నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చా అని ఫిబ్రవరిలో ఇక్కడ మిమ్మల్ని అడిగాను. శ్రీశైలం రహదారిపై అడవి భాగంలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరని మీలో ఒకరు హెచ్చరించినందువల్లే మేము అచ్చంపేటలో బస చేసి, తెల్లవారాక మన్ననూరు చెక్‌పోస్టు దాటాము; లేకుంటే మోకాళ్ల నొప్పులున్న నాన్నగారికి ఆ రాత్రి గేటు దగ్గర కారులోనే గడిచేది.

ఫరహాబాద్ సఫారీలో పులి కనిపించలేదు, దాని గురించి నాకు పెద్దగా బెంగ కూడా లేదు. మా వెంట వచ్చిన చెంచు యువకుడు ఒకచోట జీపు ఆపించి, రాలిన పూలు పరచుకున్న ఇప్పచెట్టు బెరడు మీద నిలువుగా దిగిన గోళ్ల గాట్లను చూపిస్తూ, పూల కోసం ఎలుగుబంటి రాత్రే వచ్చి వెళ్లిందని నెమ్మదిగా చెప్పినప్పుడు, ఇంకా జిగురు కారుతున్న ఆ గాట్లను చూసి అమ్మ చాలాసేపు నా చెయ్యి వదలలేదు. జూలై నుంచి సెప్టెంబరు వరకు సఫారీ ఉండదు కనుక, వెళ్లదలచినవారు ఆ నెలలు తప్పించుకోవాలి.

కోతుల సంగతి మాత్రం మీరెవరూ చెప్పలేదు. వ్యూ పాయింట్ వద్ద మా పులిహోర పొట్లం వాటికే దక్కింది.