"కనెక్షన్ రిఫ్యూజ్డ్"ని "తిరస్కరించబడింది" అనొచ్చా?

గ్రూపులో పెద్దలకి ఒక ప్రశ్న. సరదాకి అడగడం లేదు, ఈ మాట వల్ల మా వాళ్లకి ఒక రాత్రి నిద్ర కరువైంది.

మాది సర్వర్లు చూసుకునే పని. ముందు అపాచీ వెబ్ సర్వరు, వెనక వేరే మెషీన్‌లో టామ్‌క్యాట్ అనే జావా సర్వరు, అందులో మా అప్లికేషను. రెండూ మాట్లాడుకునేది ఏజేపీలో (ఈ రెండు సర్వర్ల మధ్య వాడే భాష లాంటిది), 8009 పోర్టు మీద, అంటే ఆ నంబరు తలుపు దగ్గర. షిఫ్టు మారేటప్పుడు రాసే హ్యాండోవర్ నోట్ కొన్నాళ్లుగా తెలుగులో రాసుకుంటున్నాం. ఇంగ్లీషులో అయితే అందరూ అవే నాలుగు వాక్యాలు కాపీ పేస్టు చేసేస్తున్నారు, తెలుగులో అయితే జరిగింది జరిగినట్టు రాస్తున్నారు.

మొన్న ఏళ్ల నాటి టామ్‌క్యాట్ 9ని అదే వరసలో కొత్త వెర్షన్‌కి మార్చాం. సైటంతా 503, అంటే "సర్వీసు అందుబాటులో లేదు". సాయంత్రం షిఫ్టు కుర్రాడు అపాచీ లాగ్ చూస్తే 111 (లినక్స్ ఇచ్చే ఎర్రరు నంబరు), కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని ఉంది. నోట్‌లో ఇలా రాసి ఇంటికి వెళ్లిపోయాడు: "అపాచీ పంపిన అభ్యర్థన టామ్‌క్యాట్ చేత తిరస్కరించబడింది."

రాత్రి వాళ్లు అది చదివి, తిరస్కరించిందంటే దానికి ఏదో నచ్చలేదన్నమాట అనుకుని, యూజర్లు, పాస్‌వర్డులు, పర్మిషన్లు, ఐపీ ఫిల్టర్లు అన్నీ తిరగేశారు. రెండు గంటలు. తీరా చూస్తే అపాచీ వచ్చి పిలిచిందన్న సంగతే టామ్‌క్యాట్‌కి తెలియదు. ఆ మెషీన్‌లో 8009 దగ్గర చెవి పెట్టి వినేవాళ్లు ఎవరూ లేరు, అంతే. ఎవరూ లేనప్పుడు "ఇక్కడెవరూ లేరు, వెళ్లు" అని రీసెట్ ప్యాకెట్ పంపేది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్. ఇంటాయన ఊరెళితే పక్కింటావిడ చెప్పి పంపినట్టు. ఇందులో ఇంటాయన తిరస్కరించింది ఏముంది?

నా గొడవ ఆ "బడింది" మీద కూడా. "రావణుడు రామునిచేత చంపబడెను" అని బళ్లో రాశాం గాని, ఇంట్లో ఎవరూ "అన్నం నాచేత తినబడింది" అనం. తెలుగులో ముందు ఎవరు అన్నది తేలాలి. ఇంగ్లీషు మెసేజీలో కర్త లేడు, దాన్ని తెలుగు చెయ్యబోయి మావాడు లేని కర్తని తెచ్చి కూర్చోబెట్టాడు. తెలుగులో ఆలోచించి ఉంటే "ఎవరు కాదన్నారు?" అని అడిగేవాడు, ఆ ప్రశ్నకి జవాబు వెతికితే పది నిమిషాల్లో తేలిపోయేది.

మరి దీనికి మంచి మాట చెప్పండి. ఎంతసేపు చూసినా జవాబు రాకపోతే వచ్చే "టైమ్డ్ అవుట్"కి కూడా. దాన్ని మావాళ్లు "గడువు ముగిసింది" అంటున్నారు, నాకైతే బీమా ప్రీమియం కట్టలేదని వచ్చే ఉత్తరం గుర్తొస్తోంది.

వ్యాఖ్య:
మేడమ్, భాష సంగతి తర్వాత, అసలు 8009 ఎందుకు తెరుచుకోలేదో చెప్పండి. మాకూ ఇదే సెటప్.

పోస్టు పెట్టినవారు:
2020 ఫిబ్రవరిలో ఘోస్ట్‌క్యాట్ అని ఒక లోపం బయటపడింది గుర్తుందా, ఏజేపీ పోర్టు బయటికి తెరిచి ఉంటే ఎవరైనా వచ్చి అప్లికేషన్ లోపలి ఫైళ్లు చదివేయొచ్చు అని. దాని తర్వాత 9.0.31 నుంచి రెండు మార్పులు చేశారు. ఏజేపీకి సీక్రెట్ (రెండు వైపులా ఒకటే ఉండాల్సిన రహస్య పదం) పెట్టడం తప్పనిసరి, పెట్టకపోతే ఆ కనెక్టరు అసలు మొదలే కాదు. రెండోది, చిరునామా ఇవ్వకపోతే ఇదివరకు అన్ని చిరునామాల మీదా వినేది, ఇప్పుడు లూప్‌బ్యాక్ (127.0.0.1, మెషీన్ తనలో తాను మాట్లాడుకునే చిరునామా) మీద మాత్రమే వింటుంది. మేము టామ్‌క్యాట్ సెట్టింగులుండే పాత సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలునే మోసుకొచ్చి పెట్టాం, అందులో సీక్రెట్ లేదు. తమాషా ఏమిటంటే టామ్‌క్యాట్ లేచే ఉంది, దాని ఇంకో పోర్టు 8080 పలుకుతోంది, జావా ప్రాసెస్ కనబడుతోంది. 8009 ఒక్కటే లేదు. టామ్‌క్యాట్ రాసుకునే కెటలీనా లాగ్‌లో ఒక్క లైనులో చెప్పింది, ఎవరు చదివారు!

సీక్రెట్ పెట్టి మళ్లీ లేపాం. మళ్లీ 111. ఈసారి ఎస్ఎస్ కమాండుతో ఏ పోర్టు ఏ చిరునామా మీద వింటోందో చూస్తే 8009 ఉంది గాని 127.0.0.1 మీద ఉంది. అంటే ఇంట్లో మనిషి ఉన్నాడు, పెరటి గుమ్మం దగ్గర కూర్చున్నాడు, అపాచీ వచ్చి వీధి తలుపు కొడుతోంది. లోపలి నెట్‌వర్క్ ఐపీని చిరునామాగా ఇచ్చాక అక్కడికి ఆ గొడవ తీరింది.

ఇక మూడోది వినండి. 111 పోయి 403 ("అనుమతి లేదు") వచ్చింది. సీక్రెట్ టామ్‌క్యాట్ వైపు పెట్టాం, అపాచీ వైపు ప్రాక్సీ లైన్లో పెట్టడం మరిచాం. (అపాచీ ప్రాక్సీ ఏజేపీకి సీక్రెట్ ఇవ్వడం 2.4.42 నుంచే కుదురుతుంది, అంతకంటే పాతదైతే ముందు దాని సంగతి చూసుకోండి.) ఈ మూడోసారి జరిగింది మాత్రం నిజంగా తిరస్కారమే. టామ్‌క్యాట్ తలుపు తీసింది, మనిషిని చూసింది, గుర్తు చెప్పమంది, చెప్పలేదు కాబట్టి పొమ్మంది. మొదటి రెండుసార్లూ అసలు చూడనే లేదు. కాబట్టి నా లెక్కలో "తిరస్కరించింది" అన్న మాట 403కి అట్టేపెట్టాలి.

వ్యాఖ్య:
అమ్మా, నాకు మీ సర్వర్లు తెలియవు, తెలుగు మాస్టారిగా రిటైరయ్యాను. రెండు మాటలు. మొదటిది, "బడు" అంతా చెడ్డది కాదు. కనబడింది, వినబడింది అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, మీరే పైన "కనబడుతోంది" అని రాశారు. సంస్కృతపు క్రియ పక్కన తగిలించి ఇంగ్లీషు వాక్యాన్ని మక్కికి మక్కి దించినప్పుడే అది గుచ్చుకుంటుంది.

రెండోది, తిరస్కారం అన్న మాట మీకు వేరేచోట పనికొస్తుందేమో చూడండి. "తిరస్" అంటే అడ్డంగా, మరుగున అని. తిరస్కరిణి అంటే తెర. పాత సంస్కృత నాటకాల్లో అప్సరసలు తిరస్కరిణీ విద్యతో ఎదురుగానే నిలబడి కూడా కనబడకుండా ఉంటారు, రాజుగారు విరహంతో ఏదేదో మాట్లాడుకుంటుంటే పక్కనే నుంచుని వింటారు గాని బదులు పలకరు. కాదనడం అన్నది తర్వాత స్థిరపడిన అర్థం. మీ యంత్రాల్లో ఉండి కూడా లేనట్టు నటించేది ఏదైనా ఉందా?

పోస్టు పెట్టినవారు:
మాస్టారూ, నమస్కారం. ఉంది! ఫైర్‌వాల్‌లో డ్రాప్ అని ఒక రూలు పెడతారు. వచ్చిన ప్యాకెట్‌ని చడీచప్పుడు లేకుండా పారేస్తుంది, అవునని గాని కాదని గాని చెప్పదు. వెనక మెషీన్ నిక్షేపంగా ఉంటుంది, తెర అడ్డం. అప్పుడు వచ్చేదే టైమ్డ్ అవుట్. అంటే మూలార్థం పట్టుకుంటే తిరస్కారం అన్న మాట రిఫ్యూజ్డ్‌కి కంటే టైమవుట్‌కే బాగా నప్పుతోంది. మేము సరిగ్గా తలకిందులుగా వాడుతున్నాం. "కనబడుతోంది" దగ్గర దొరికిపోయాను, ఒప్పుకుంటున్నాను.

వ్యాఖ్య:
టైమవుట్‌కి మాట వెతకడం ఎందుకండీ, "ఉలుకూ పలుకూ లేదు" అని లేదూ? మా అమ్మ ఫోన్ చేసి నేను ఎత్తకపోతే ఇదే అంటుంది.

ఇంకో సంగతి, ఈ రెండిటికీ తేడా లాగ్ చూడకుండా చెవితోనే తెలుస్తుంది. ఎవరూ లేకపోతే జవాబు తక్షణం వస్తుంది, పేజీ నొక్కగానే 503. తెర అడ్డం ఉంటే పేజీ తిరుగుతూనే ఉంటుంది, అపాచీ 2.4లో ఎవరూ మార్చకపోతే టైమవుట్ 60 సెకన్లు, అప్పటిదాకా గుండ్రంగా తిరిగి అప్పుడు చేతులెత్తేస్తుంది. ఫోన్లో కంప్లయింట్ చేసినవాళ్లని "వెంటనే వచ్చిందా, తిరిగి తిరిగి వచ్చిందా" అని అడగండి, సగం పని అయిపోయినట్టే. ముందు అపాచీ బదులు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు ఉంటే అంకెలే వేరు, రిఫ్యూజ్డ్‌కి 502, టైమవుట్‌కి 504 ఇస్తుంది.

వ్యాఖ్య:
అక్కా, ఒక చిక్కు. ఫైర్‌వాల్‌లో డ్రాప్ బదులు రిజెక్ట్ అని కూడా పెట్టొచ్చు, టీసీపీ రీసెట్ పంపేలా పెడితే అవతల టామ్‌క్యాట్ వింటున్నా మనకి కనెక్షన్ రిఫ్యూజ్డ్ అనే వస్తుంది. దాన్ని మా వైపు ఏమంటారో తెలుసుగా, "అయ్యగారు ఇంట్లో లేరని చెప్పమన్నారు". కాబట్టి "ఎవరూ లేరు" అని నోట్‌లో రాసేముందు ఆ మెషీన్ లోపలికి వెళ్లి చూసి రాయాలి. బయటి నుంచి విన్న మాటకీ లోపల చూసిన దానికీ తేడా ఉంటుంది. లినక్స్‌లో ఫైర్‌వాల్ నడిపే ఫైర్‌వాల్‌డీ అయితే ఇంకా ఘోరం, అది మామూలుగా కాదనే తీరుకి మన దగ్గర 113, "నో రూట్ టు హోస్ట్" అని పడుతుంది. దారి లేదంట! దారి శుభ్రంగా ఉంటుంది, పింగ్ వెళుతుంది. ఆ మెసేజీ నమ్మి నెట్‌వర్క్ వాళ్లతో పోట్లాడాను ఒకసారి.

పోస్టు పెట్టినవారు:
తమ్ముడూ, "చెప్పమన్నారు" అద్భుతం, తీసుకుంటున్నాను.

వ్యాఖ్య:
విండోస్‌లో ఇదే ఎర్రరు 10061 అని వస్తుంది, వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి అవతలి మెషీన్ "చురుగ్గా తిరస్కరించింది" అన్న అర్థం వచ్చేలా రాశారు. ఎంత చురుకో.

13 అంకె, పర్మిషన్ డినైడ్ గురించి ఎవరూ చెప్పలేదు. అది కూడా అదే లైన్లో, 111 ఉండాల్సిన చోట వస్తుంది, చూసేవాళ్లు అంకె చూడకుండా "కనెక్ట్ కాలేదు" అని రాసేస్తారు. అది అవతలివాళ్లు కాదనడం కాదు, ఎక్కువసార్లు ఎస్ఈలినక్స్ (లినక్స్‌లో ఏ ప్రోగ్రాము ఏం చెయ్యొచ్చో కాపలా కాసేది) అపాచీని సొంత గడప దాటనివ్వకపోవడం. హెచ్‌టీటీపీడీ (అంటే అపాచీయే) నెట్‌వర్క్‌లోకి వెళ్లొచ్చు అనే బూలియన్, అంటే ఆన్ ఆఫ్ స్విచ్ ఒకటి ఉంటుంది, మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. మనం రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజరుగా) లాగినయి కర్ల్ కమాండుతో అదే చిరునామా కొడితే వెళ్లిపోతుంది, అపాచీ మాత్రం వెళ్లలేదు, పిచ్చెక్కుతుంది. నేనైతే "గడప దాటనివ్వలేదు" అని రాస్తాను.

వ్యాఖ్య:
ఇంత తెలుగు అవసరమా? ఎర్రర్ మెసేజీని ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు పెడితే వెతుక్కోడానికైనా పనికొస్తుంది.

పోస్టు పెట్టినవారు:
మెసేజీని ఎవరూ మార్చట్లేదండీ, అది పైన ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కింద మా మాటల్లో ఏం జరిగిందో రాస్తాం. ఆ కిందిది తప్పుగా రాసినందుకే ఇదంతా.

వ్యాఖ్య:
మేడమ్, మీరు పడ్డ ఇబ్బందిలో ఇది తగల్లేదా? టామ్‌క్యాట్ బాగుచేసి లేపాక కూడా అపాచీ ఒక నిమిషం దాకా 503 ఇస్తూనే ఉంటుంది. ఒకసారి కనెక్ట్ కాకపోతే ఆ వర్కర్‌ని (అపాచీ లెక్కలో వెనక సర్వరుని) ఎర్రర్ స్థితిలో పెట్టి 60 సెకన్లు అటు తిరిగి చూడదు, రిట్రై అనే సెట్టింగు. మావాడొకడు ప్రతి నలభై సెకన్లకీ "ఇంకా రాలేదు" అని టామ్‌క్యాట్‌ని మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేశాడు, అది లేచేలోగా అపాచీ వచ్చి చూసుకుని మళ్లీ అలిగేది. మా టీమ్‌లో దీన్ని అలకే అంటాం. కొత్తల్లుడు అలకపాన్పు ఎక్కాడు, కాసేపు ఊరుకోండి, వాడే దిగుతాడు. తొందరైతే రిట్రైని సున్నా చేసుకోండి.

పోస్టు పెట్టినవారు:
తగిలింది, నోట్‌లో "ఏమీ చెయ్యలేదు, దానంతట అదే వచ్చింది" అని రాశారు! ఇప్పుడు తెలిసింది.

సరే, మా హ్యాండోవర్ షీట్‌లో ఇవాళ్టి నుంచి ఇలా పెట్టాను. 111 అయితే "పలికేవాళ్లు లేరు", పక్కన బ్రాకెట్లో "లోపలికి వెళ్లి చూశాం" లేదా "చూడలేదు". టైమవుట్ అయితే "ఉలుకూ పలుకూ లేదు". 13 అయితే "గడప దాటనివ్వలేదు". 403కి "తిరస్కరించింది", బడకుండా. "కనెక్షన్ రీసెట్ బై పీర్" ఒకటి మిగిలింది, దానికి ఎవరైనా చెప్పండి.

వ్యాఖ్య:
మాట మధ్యలో ఫోన్ పెట్టేశాడు.